ముందు సరస్సు, ఆ తరువాతే చేప

అక్వేరియం దుకాణంలో ఆఫ్రికన్ సిక్లిడ్ల తొట్టి ముందు ఆగనివారు అరుదు. నిమ్మపండు పసుపు, ముదురు నీలం, నారింజ, నీలం మీద నల్లచారలు... సముద్రపు చేపల్లోనే ఉంటాయనుకున్న రంగులన్నీ ఈ మంచినీటి చేపల్లో కనిపిస్తాయి. కొత్తగా కొనేవారు చాలామంది రంగుకొకటి చొప్పున నాలుగైదు ఏరుకుంటారు. రెండడుగుల గాజుతొట్టి, కాసిని రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క కూడా అప్పుడే కొని, ఆ సాయంత్రమే నీళ్లు నింపి చేపల్ని వదిలేస్తారు. వారం తిరగకముందే ఒక చేప మూలకు నక్కుతుంది. నెల గడిచేసరికి రెండు చచ్చి తేలతాయి. చివరికి మిగిలిన ఒక్కటీ తొట్టంతా తనదే అన్నట్టు తిరుగుతుంది. జబ్బు చేపల్ని అంటగట్టారని దుకాణదారు మీద కోపం వస్తుంది గానీ, చాలా సందర్భాల్లో చేపలో ఏ లోపమూ ఉండదు. అది ఎలాంటి నీటికి, ఎలాంటి రాళ్లకు, ఎలాంటి గుంపుకు అలవాటుపడిన జీవో తెలుసుకోకుండా తెచ్చుకోవడమే చిక్కు.

ఈ అభిరుచిలో ఏళ్ల తరబడి నిలిచినవారు పనిని అటునుంచి మొదలుపెడతారు. మొదట సరస్సును ఎంచుకుంటారు. ఆ తర్వాత తొట్టి, రాయి, నీరు, ఆ నీటిలో కంటికి కనిపించని బాక్టీరియా. చేపకు డబ్బు చెల్లించేది అన్నిటికంటే చివర. ఈ అధ్యాయమూ అదే వరుసలో సాగుతుంది.

మూడు సరస్సుల్లో ఒకటి

ఆఫ్రికన్ సిక్లిడ్లుగా దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా తూర్పు ఆఫ్రికాలోని మూడు పెద్ద సరస్సులవి. టాంగన్యికా లోతు దాదాపు 1,470 మీటర్లు. ప్రపంచంలో బైకాల్ తర్వాత అంత లోతైన సరస్సు మరొకటి లేదు. మలావి లోతు సుమారు 700 మీటర్లు, పొడవు 580 కిలోమీటర్ల దాకా ఉంటుంది. విక్టోరియా వైశాల్యంలో ఆఫ్రికాలోకెల్లా పెద్దది, కానీ దాని గరిష్ఠ లోతు సుమారు 80 మీటర్లే.

నీటి గుణం కూడా మూడింటిలో ఒక్కటి కాదు. టాంగన్యికా నీటి పీహెచ్ 9 దరిదాపుల్లో ఉంటుంది. మలావిలో అది సుమారు 7.7 నుంచి 8.6 వరకు ఉంటుంది. విక్టోరియా నీరు ఆ రెండింటికంటే మెత్తన. తిండి, స్వభావం, గూడు కట్టే తీరు కూడా సరస్సు సరస్సుకూ మారిపోతాయి. అందుకే ఒక తొట్టికి ఒక సరస్సు అన్నది తొలి నియమం.

కొత్తవారికి మలావి తగినది. అందులోనూ రాతి తీరాల్లో బతికే చిన్న చేపలు, అంటే ఎంబూనా గుంపు మేలు. ఇవి గట్టి ప్రాణాలు, పది పన్నెండు సెంటీమీటర్లకు మించి పెరిగేవి తక్కువ, మన దేశంలోనే పిల్లలు పెట్టించినవి సులువుగా దొరుకుతాయి. మలావి సరస్సులో ఎనిమిది వందలకు పైగా సిక్లిడ్ జాతులు ఉంటాయని అంచనా. వాటిలో దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా లేనివే. ఈ వైవిధ్యాన్ని గుర్తించే యునెస్కో 1984లో మలావి సరస్సు జాతీయ ఉద్యానవనాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

విక్టోరియా కథను మాత్రం చేపలు పెంచే ప్రతివారూ తెలుసుకోవాలి. 1950లలో ఆ సరస్సులోకి నైలు పెర్చ్ అనే పెద్ద వేటచేపను వదిలారు. 1980లకల్లా దాని సంతతి విపరీతంగా పెరిగి, వందలాది సిక్లిడ్ జాతులు కనుమరుగయ్యాయి. మిగిలినవాటికి మురికినీరు మరో గండమైంది. ఆడచేప తన జాతి మగచేపను రంగు చూసి గుర్తుపడుతుంది. నీరు మసకబారితే ఆ గుర్తింపు దెబ్బతిని, జాతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని ఓలె సీహౌసెన్, ఆయన సహ పరిశోధకులు 1997లో 'సైన్స్' పత్రికలో చూపించారు. ఇంటి తొట్టిలోనూ జరిగేది దాదాపు ఇదే. సొంత జాతి జోడు లేని చేప దగ్గరి జాతితో జతకడుతుంది. పుట్టిన పిల్లలకు పేరూ ఉండదు, రంగూ నిలవదు. ఒక్కో రంగుకు ఒక్కో చేప కొనడం వల్ల వచ్చే రెండో నష్టం ఇది.

తొట్టి: ఎత్తు కాదు, పొడవు

ఎంబూనాకు నాలుగడుగుల తొట్టి కనీస అవసరం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. తరుముడు తిన్న చేప తరిమేదాని కంటపడకుండా దూరం పోగలగాలి, అందుకే పొడవు ముఖ్యం. ఎత్తు రెండడుగులైతే చూపుకు బాగుంటుంది గానీ, అడుగున బతికే చేపకు దానివల్ల ఒరిగేది తక్కువ.

నీరొక్కటే పావు టన్ను. గాజు, రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే మూడు వందల కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంటులో అయితే దాన్ని గది మధ్యలో కాకుండా, బీము ఉన్న గోడ వారగా పెట్టాలి. స్టాండు సమతలంగా ఉందో లేదో రసమట్టంతో చూసుకోవాలి. తొట్టి కింద అర అంగుళం థర్మాకోల్ షీటు పరిస్తే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. ఎండపడే కిటికీ పక్కన పెడితే ఎండాకాలంలో నీరు కాగుతుంది కాబట్టి ఆ చోటు వద్దు.

ఈ చేపలు బాగా తింటాయి, అంతే బాగా మలినం చేస్తాయి. ఫిల్టర్ గంటకు తొట్టి నీటికి కనీసం ఐదింతలు తిప్పగలిగేదై ఉండాలి. 255 లీటర్ల తొట్టికి గంటకు 1,300 లీటర్లకు పైగా అన్నమాట. పెద్ద ఫిల్టర్ ఒక్కటే కాకుండా, గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

రాయి: తాండూరు నుంచి కడప దాకా

రాళ్ల విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. మలావి తొట్టికి సున్నపురాయి మంచిది. ఫిల్టర్‌లోని బాక్టీరియా పనిచేసేకొద్దీ నీటిలో ఆమ్లం పెరుగుతూ పోతుంది. పీహెచ్ కిందికి జారబోతే సున్నపురాయి కొద్దికొద్దిగా కరిగి దాన్ని ఆపుతుంది. ఇళ్లలో పరిచే తాండూరు బండ, వంటింటి అరలకు వాడే కడప బండ, బేతంచర్ల బండ, అన్నీ సున్నపురాళ్లే. బండలు కోసేచోట మిగిలిపోయిన ముక్కలు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. పాలిష్ పట్టినవి, నూనె పూసినవి, ఇనుప తుప్పు చారలున్నవి తీసుకోకూడదు. అంచులు పదునుగా ఉంటే మరో రాయితో అరగదీయాలి. ఏ రాయో అనుమానం వస్తే గీకినచోట నిమ్మరసం నాలుగు చుక్కలు వేసి చూడవచ్చు. సన్నని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. గ్రానైట్ కూడా వాడుకోవచ్చు, అయితే అది నీటి గుణాన్ని మార్చదు.

పేర్చే పద్ధతిలో ఒక జాగ్రత్త ఉంది. ఎంబూనా ఇసుకను నోటితో తోడి పోస్తుంటాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద గొయ్యి పడితే అది ఒరిగి గాజు పగలగొడుతుంది. కాబట్టి ముందు తొట్టి అడుగున పలుచటి ప్లాస్టిక్ షీటు వేసి, పెద్ద రాళ్లను నేరుగా దానిమీద కుదురుగా నిలపాలి. చేత్తో ఊపితే కదలకూడదు. అవసరమైతే అక్వేరియం సిలికాన్‌తో అతికించాలి. ఇసుక ఆ తర్వాతే, ఒకటిన్నర అంగుళం మందాన చాలు. నీటి ఎత్తులో సగం దాటి, మూడింట రెండు వంతుల దాకా రాళ్లు లేవాలి. ప్రతి గుహకూ రెండు దారులుండాలి. దారి ఒక్కటే ఉంటే లోపలికి దూరిన చేప అక్కడే చిక్కి దెబ్బలు తింటుంది.

నీరు: బోరును ముందు కొలవాలి

ఇంట్లో తాగడానికి పనికిరాదని వదిలేసిన గట్టి బోరు నీళ్లు మలావి చేపకు చాలాసార్లు బాగా నప్పుతాయి. ఆర్వో నీళ్లు పట్టి పోసేవారు చేపకు అవసరమైన లవణాలనే వడకట్టి తీసేస్తున్నారు. అలాగని కొలవకుండా పోయకూడదు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలెన్నో చెబుతుంది కానీ ఏ లవణాలో చెప్పదు. తీరప్రాంతపు బోర్లలో ఆ అంకె ఉప్పు వల్ల పెరిగి ఉండవచ్చు. పొలాల మధ్య బోర్లలో నైట్రేట్ ఎక్కువ ఉండవచ్చు. అందుకే పీహెచ్, మొత్తం కాఠిన్యం, కార్బొనేట్ కాఠిన్యం, నైట్రేట్ చూసే టెస్టు కిట్లు ఈ అభిరుచిలో చేపలకంటే ముందు కొనాల్సినవి.

బోరు నుంచి అప్పుడే తోడిన నీటిలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది కాబట్టి పీహెచ్ తక్కువగా చూపిస్తుంది. బకెట్లో గాలిపంపు పెట్టి ఒక రోజంతా ఉంచి కొలిస్తే అసలు అంకె తేలుతుంది. అది 7.8 నుంచి 8.5 మధ్య ఉంటే మరే మందూ కలపనక్కర్లేదు. మున్సిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. దాన్ని సోడియం థయోసల్ఫేట్‌తో గానీ, గాలి కొట్టిస్తూ ఒక రోజు నిల్వ ఉంచి గానీ పోగొట్టాలి. ఆ నీరు మెత్తగా ఉంటే వంట సోడా, ఎప్సమ్ సాల్టు కొద్దికొద్దిగా కలిపి కాఠిన్యం పెంచవచ్చు. అది తొట్టిలో కాదు, మార్చబోయే నీటి బకెట్లో చేయాల్సిన పని.

చేప లేని ఐదు వారాలు

కొత్తవారిలో ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. చేప విసర్జించే అమోనియా దానికే విషం. ఫిల్టర్‌లో స్థిరపడిన ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకోరకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు వల్ల ముప్పు తక్కువ. నీళ్లు మార్చి దాన్ని తీసేయవచ్చు. ఈ బాక్టీరియా నిండుగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఏ తొట్టికైనా ఇది అవసరమే అయినా, ఆఫ్రికన్ తొట్టిలో దీని బరువు ఎక్కువ. అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటే చేపకు విషం. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు ఆ విషరూపం మొత్తంలో ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. 8.5 దగ్గర 15 శాతం. అంటే మామూలు తొట్టిలో చేప తట్టుకోగల అమోనియానే మలావి తొట్టిలో ప్రాణం తీయగలదు. నీళ్లు పోసిన రోజే చేపను వదలడం ఇక్కడ అంత ప్రమాదం.

చేపను బాధపెట్టకుండా బాక్టీరియాను పెంచవచ్చు. ఖాళీ తొట్టిలో ఫిల్టర్ నడుపుతూ, అమ్మోనియం క్లోరైడ్ కలిపి అమోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గరకు తేవాలి. రెండు రోజులకొకసారి కొలుస్తూ పుస్తకంలో రాసుకోవాలి. ముందు అమోనియా తగ్గి నైట్రైటు పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గుతుంది. వేసిన 2 మిల్లీగ్రాములూ 24 గంటల్లో మాయమై, అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధమైనట్టు. ఆరోగ్యంగా నడుస్తున్న మరో తొట్టిలోంచి పాత స్పాంజి ముక్క తెచ్చి ఫిల్టర్‌లో పెడితే ఈ కాలం బాగా తగ్గుతుంది. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడు కడిగినా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే కడగాలి. క్లోరిన్ ఉన్న కుళాయి కింద పెడితే వారాల పని ఒక్క నిమిషంలో పోతుంది.

గుంపును కూర్చడం

ఎంబూనా మగచేపకు తన రాయి పొలం లాంటిది. గట్టు దాటి వచ్చినవాడితో తగాదా తప్పదు. దెబ్బ ఎప్పుడూ ఒక్కదాని మీదే పడితే ఆ ఒక్కటీ చస్తుంది. చేపల సంఖ్య ఎక్కువైతే కోపం పదిమందికీ పంపకమై ఎవరికీ ప్రాణాపాయం ఉండదు. అందుకే బలమైన ఫిల్టర్ ఉన్న నాలుగడుగుల తొట్టిలో ఐదారు చేపలు ఉంచడం కంటే పదిహేను నుంచి ఇరవై దాకా ఉంచడం క్షేమం. ప్రతి మగచేపకూ కనీసం మూడు ఆడచేపలు ఉండాలి.

తొలి తొట్టికి నప్పే, చాలామంది పెంపకందారులు వాడుతున్న కూర్పు ఒకటుంది: ఎలక్ట్రిక్ ఎల్లో ఆరు, రస్టీ ఆరు, అసీ ఆరు. ఎలక్ట్రిక్ ఎల్లో శాస్త్రీయ నామం లాబిడోక్రోమిస్ సెరులియస్. ఎంబూనాలో ఇంత నెమ్మదైనవి కొద్ది. గోధుమ ఊదా రంగు రస్టీ కూడా తగవులమారి కాదు. అసీ నీటి పైభాగంలో గుంపుగా ఈదుతుంది కాబట్టి రాళ్ల కోసం పోటీపడదు. మూడింటి రంగులూ వేరు, తిరిగే చోట్లూ చాలావరకు వేరు.

తొట్టి కాస్త చిన్నదైతే సౌలోసీ ఒక్క జాతినే పన్నెండు పెంచవచ్చు. ఆడవి పసుపు, పెత్తనం చేసే మగవి నీలం మీద నల్లచారలు. ఒకే జాతి అయినా రెండు జాతులున్నట్టు ఉంటుంది. ఇది సహజంగా బతికేది మలావి సరస్సులోని చిజుములు ద్వీపం దగ్గరున్న తైవాన్ రీఫ్ అనే చిన్న రాతిదిబ్బ చుట్టూనే. అక్వేరియం వ్యాపారం కోసం పట్టేయడంతో అక్కడ బాగా తగ్గిపోయింది. ఇళ్లలో, పెంపక కేంద్రాల్లో పుట్టిన పిల్లల్నే కొనడం, మరో జాతితో కలవనీయకపోవడం ఈ చేపకు చేయగల మేలు.

కొనకూడనివీ కొన్నున్నాయి. ఆరాటస్ అందమైనదే, చవకైనదే, కానీ ఎంబూనాలో మహా దుడుకు. లివింగ్‌స్టోనీ అనే చేప సరస్సులో చచ్చినట్టు ఇసుక మీద పడి ఉండి, దగ్గరికొచ్చిన చిన్నచేపల్ని మింగే వేటగాడు. దుకాణంలో రెండంగుళాలున్నది అడుగుకు దగ్గరగా పెరుగుతుంది. అమెరికా ఖండపు సిక్లిడ్ల సంకరమైన ఫ్లవర్‌హార్న్‌కు ఈ తొట్టిలో చోటు లేదు.

చేపల్ని నాలుగైదు సెంటీమీటర్ల పిల్లలుగా, వీలైతే అన్నిటినీ కొద్ది రోజుల వ్యవధిలోనే తేవాలి. తర్వాత ఎప్పుడైనా కొత్తవాటిని కలపాల్సివస్తే ముందు రాళ్లు తీసి వేరే తీరులో పేర్చాలి. పాత హద్దులు చెరిగి, పాతవీ కొత్తవీ మళ్లీ మొదటినుంచి చోటు వెతుక్కుంటాయి. లైటు ఆర్పి వదలడం, వదిలేముందు కాస్త మేత వేయడం కూడా తగాదాను తగ్గిస్తాయి.

తిండి, పొట్ట ఉబ్బు

ఎంబూనా రాళ్లమీద పెరిగే పాచిని, అందులోని సూక్ష్మజీవుల్ని గీరుకుని తింటాయి. పీచు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండే ఆ తిండికి తగ్గట్టే వాటి పేగు పొడవుగా ఉంటుంది. స్పిరులినా ఎక్కువగా ఉన్న గుళికలు ప్రధానాహారంగా, ఉడికించి తొక్కతీసిన బఠాణీ, వేడినీళ్లలో ముంచిన పాలకూర అప్పుడప్పుడు ఇస్తే చాలు. మాంసం ముక్కలు, ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు. రోజుకు రెండుసార్లు, నిమిషంలో తినేయగలిగినంతే వేయాలి. వారానికొక రోజు పస్తు మంచిదే.

మేత మానేయడం, తెల్లటి దారంలాంటి మలం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే అది మలావి బ్లోట్ అని పిలిచే జబ్బు కావచ్చు. ఆ చేపను వేరే తొట్టిలోకి తీసి, మేత ఆపి, ప్రధాన తొట్టిలో వెంటనే నీళ్లు మార్చాలి. మెట్రోనిడజోల్‌తో తొలిదశలో నయమైన సందర్భాలున్నాయి. మోతాదు చేపల వైద్యం తెలిసినవారిని అడిగే వేయాలి. పొట్ట బాగా ఉబ్బాక బతకడం కష్టం. అందుకే ప్రతి పూటా మేత వేసేటప్పుడు ఏది రాలేదో లెక్కచూసే అలవాటు కావాలి.

మన ఎండలు, మన కరెంటు

ఈ చేపలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు సుఖం. విజయవాడలో, రామగుండంలో మే నెలలో తొట్టి నీరు 32 దాటడం మామూలే. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 32 డిగ్రీల దగ్గర అది 7.3కి పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. తొట్టి మూత తీసి, వల కట్టి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. నీరు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే ఉంటాయి కనుక, తరిగినమేర పోసే నీళ్లు మాత్రం ఆర్వోవి కావాలి. వారం వారం నాలుగోవంతు మార్చేటప్పుడే బోరు నీళ్లు. చలికాలంలో లీటరుకు ఒక వాటు లెక్కన హీటరు సరిపోతుంది.

కరెంటు గంటల తరబడి పోతే బ్యాటరీ గాలిపంపుతో స్పాంజి ఫిల్టర్‌ను నడపాలి. మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్‌లో ఆక్సిజన్ లేక బాక్టీరియా చస్తుంది. నీరు కుళ్లుతుంది. చాలాసేపటికి కరెంటు వచ్చినప్పుడు ఆ నీటిని పారబోసి, కడిగాకే దాన్ని తిరిగి కలపాలి.

పిల్లలు పుట్టాక

అన్నీ కుదిరిన తొట్టిలో ఆరేడు నెలలకు ఒక ఆడచేప గడ్డం కింద ఉబ్బి, తినడం మానేస్తుంది. అది జబ్బు కాదు. నోట్లో గుడ్లున్నాయి. మగచేప కింది రెక్క మీద గుడ్లలా కనిపించే పసుపు మచ్చలుంటాయి. ఆడచేప వాటినీ గుడ్లనుకుని అందుకోబోతుందని, అప్పుడే నోట్లోని గుడ్లు ఫలదీకరణ చెందుతాయని పరిశోధకుడు వోల్ఫ్‌గాంగ్ విక్లర్ 1962లో ప్రతిపాదించాడు. దాదాపు మూడు వారాలు తల్లి పస్తుండి పిల్లల్ని నోట్లోనే మోస్తుంది. రాళ్ల సందులు బాగా ఉంటే కొన్ని పిల్లలు ఏ సాయమూ లేకుండానే బతుకుతాయి.

పిల్లలు ఎక్కువైనా, తొట్టి ఎత్తేయాల్సి వచ్చినా ఈ చేపల్ని చెరువులో, కాలువలో వదలకూడదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా కూడా ఆఫ్రికన్ సిక్లిడే. అది ఎన్నో చెరువుల్లో స్థిరపడి స్థానిక చేపల తిండికీ చోటుకూ పోటీ అయింది. అదనపు చేపల్ని తోటి పెంపకందారులకు గానీ, తిరిగి తీసుకునే దుకాణానికి గానీ ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు జాతి పేరు రాసివ్వాలి.

మొదటి ఆరు నెలలు

మొదటి వారం: తొట్టి, స్టాండు, రాళ్లు, ఇసుక, నీరు, ఫిల్టర్. అదే వారం బోరు నీటి పరీక్ష.

రెండు నుంచి ఆరో వారం వరకు: అమోనియా వేయడం, కొలవడం, రాసుకోవడం. అమ్మకందారును వెతికి, కావలసిన మూడు జాతులూ విడివిడి తొట్లలో, పేర్లతో ఉన్నచోటును ఎంచుకోవడానికి ఇదే సమయం.

ఏడో వారం: తొట్టిలో సగానికి పైగా నీళ్లు మార్చి, పద్దెనిమిది పిల్లచేపల్ని వదలడం. తొలి రెండు వారాలు మేత సగమే వేసి, రోజూ అమోనియా కొలవడం.

మూడో నెల నుంచి: వారానికొకసారి నాలుగోవంతు నీళ్లు, నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటితే ఇంకాస్త ఎక్కువ.

ఆరో నెల: ముదురు రంగు తేలి, మిగతావాటిని అస్తమానం తరుముతున్న మగచేపలు ఈపాటికి తెలిసిపోతాయి. జాతికి ఒకటి, పెద్ద గుంపైతే రెండు ఉంచుకుని తక్కినవాటిని ఇచ్చేయాలి. వాటిని పట్టడానికి రాళ్లన్నీ ఎలాగూ తీయాలి కాబట్టి, అడుగున పేరుకున్న మడ్డిని పైపుతో లాగి, రాళ్లను కొత్త తీరులో పేర్చే పని కూడా ఆ రోజే పూర్తిచేసుకోవచ్చు.